నడివయసులో కూలిన ఇళ్లు

1959లో డాక్టర్ టి. జె. దానరాజ్ బృందం సింగపూర్‌లోని శవపరీక్షల రికార్డులు తిరగేసి, అమెరికన్ హార్ట్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించింది. గుండె రక్తనాళాలు పూడుకుపోయి చనిపోవడం చైనీయులకంటే భారతీయుల్లో చాలా ఎక్కువని అందులో తేలింది.

బతుకుతెరువు కోసం సముద్రం దాటి సింగపూర్ వెళ్లి, నాలుగు డబ్బులు ఇంటికి పంపుతూ ఉండగానే నేలకొరిగినవాళ్లు ఎందరో. ఊళ్లో ఉన్న ఇల్లాలికి చావు కబురు చేరినా కారణం చేరేది కాదు. గుండె ఆగిందట అనుకుని ఏడ్చేవాళ్లు. తండ్రిని మింగినది కొడుకు రక్తంలోనూ ఉందేమోనన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

వాళ్లందరిదీ ఒకే జబ్బు కాదు. షుగరు, బీపీ, పొగ కూడా ప్రాణాలు తీశాయి. కానీ కొందరిని పుట్టుకతోనే వెంటాడింది వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. చెడు కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి కాలేయంలోకి లాగే గ్రాహకాలు వీళ్లలో సరిగా పనిచేయవు. ఆ గ్రాహకాల రహస్యం విప్పిన శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపం వచ్చినవాళ్లు సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరు. వైద్యం లేకపోతే వీళ్లలో దాదాపు సగం మంది మగవాళ్లకు 50 ఏళ్లలోపే గుండెజబ్బు వస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే పసితనంలోనే మోచేతుల మీద, మడమల వెనక పసుప్పచ్చని గడ్డలు లేస్తాయి. బృహద్ధమని కవాటం బిగుసుకుపోతుంది. మీసాలు రాకముందే గుండెపోటు రావచ్చు.

అమెరికాలో ఇలా ఇద్దరి నుంచీ లోపం వచ్చిన స్టార్మీ జోన్స్ అనే ఆరేళ్ల పాపకు 1984 ఫిబ్రవరి 14న పిట్స్‌బర్గ్‌లో గుండె, కాలేయం ఒకేసారి మార్చారు. ప్రపంచంలో అదే మొదటిసారి. కొత్త కాలేయంతో కొలెస్ట్రాల్ దిగింది. పాప బడికి వెళ్లింది, ఆడుకుంది. అంతా గెలిచామనుకున్నారు. 1990 నవంబరులో, 13 ఏళ్లకే కన్నుమూసింది.

మొదటి స్టాటిన్ మాత్ర 1987లో వచ్చింది. ఇప్పుడు ఇంజెక్షన్లున్నాయి, రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను వడగట్టే యంత్రాలున్నాయి. అయినా ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. చాలామందికి తమకు ఈ జబ్బు ఉందనే తెలియదు, అదే గుండె తరుక్కుపోయే సంగతి.

సింగపూర్ 2025లో ఈ జబ్బుకు జాతీయ స్థాయిలో జన్యుపరీక్షలు మొదలుపెట్టింది. ఒకరిలో లోపం దొరికితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేస్తారు. కానీ అక్కడి తెలుగువాడి అన్న గుంటూరులోనో, చెల్లెలు కరీంనగర్‌లోనో ఉంటారు. పరీక్షకు రమ్మనే పిలుపు అంత దూరం రాదు. "అన్నయ్యా, నాకీ జబ్బు ఉందని తేలింది. నువ్వూ చూపించుకో, పిల్లలకూ చేయించు" అని ఫోన్ చేసి చెప్పాల్సింది తమ్ముడే.

ఇంట్లో ఎవరికైనా చెడు కొలెస్ట్రాల్ (ఎల్డీఎల్) 190 దాటినా, ఇంట్లో మగవాళ్లు 55, ఆడవాళ్లు 60 ఏళ్లలోపు గుండెపోటుతో పోయినా పిల్లల రక్తం పరీక్ష చేయించాలి. పోయినవాళ్లను ఎలాగూ తెచ్చుకోలేం. వాళ్ల చావుల వల్ల బతికున్నవాళ్లకు దక్కగల మేలు ఇదొక్కటే, దీన్నయినా దక్కించుకోవాలి.