ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఎవరిది?



వానాకాలంలో వాగు పొంగితే కట్టెలు కొట్టుకొస్తాయి. ఎవరు పట్టుకుంటే వాళ్ళవే. పైఊరి కంచె ఊడి వచ్చిందా, ఎవరి పాకైనా కూలి వచ్చిందా అని మనలో ఎవరూ అడగరు. సముద్రం పక్కన ఉండేవాళ్ళకైతే కట్టెలే కాదు, ఒక్కోసారి ఓడలే కొట్టుకొస్తాయి. అలాంటి ఒక దీవి కథ ఈ వారం మనం ధ్యానిద్దాం.

ఇంగ్లండు నైరుతి కొనకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో సిల్లీ దీవులున్నాయి. చుట్టూ రాళ్ళు. 1707 అక్టోబరు 22 రాత్రి నౌకాదళాధిపతి క్లౌడ్స్‌లీ షావెల్ నడిపిస్తున్న ఓడలు దారి లెక్క తప్పి ఆ రాళ్ళకు గుద్దుకున్నాయి. నాలుగు యుద్ధనౌకలు మునిగిపోయాయి. 1,400 మందికి పైగా చనిపోయారు. షావెల్ శవం ఒడ్డున దొరికింది. మొదట ఇసుకలోనే పాతిపెట్టారు. తరువాత లండనుకు తీసుకుపోయి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు.

ఆయన గురించి ఆ దీవుల్లో ఒక కథ పుట్టింది. ఒడ్డుకు చేరేసరికి ఆయన ఇంకా ప్రాణంతోనే ఉన్నాడట. కొట్టుకొచ్చిన సామాను ఏరుకోవడానికి వచ్చిన ఒక స్త్రీ ఆయన వేలికున్న పచ్చల ఉంగరం చూసి, ఆశపడి, ఆయనను చంపి ఉంగరం తీసుకుందట. ముప్పై ఏళ్ళు దాన్ని దాచింది. అమ్ముకోలేదు, పెట్టుకోలేదు. చావుకు ముందు పాదిరిని పిలిపించుకుని, ఉంగరం ఆయన చేతిలో పెట్టి, తప్పు ఒప్పుకుందట.

ఈ కథకు గట్టి ఆధారం లేదని చరిత్రకారులు చాలామంది అంటారు. దొంగ దీపాలు చూపించి ఓడలను రాళ్ళ మీదికి రప్పించారని ఆ ప్రాంతాల వాళ్ళ మీద మరో నింద ఉంది. దానికీ సరైన రుజువు దొరకలేదు. ఒక్కటి గమనించండి. ఇలాంటి కథను ఎవరూ తమ ఊరి మీద చెప్పుకోరు. పక్క ఊరి వాళ్ళ మీద, పక్క దీవి వాళ్ళ మీద చెబుతారు. అంటే సముద్రం ఒడ్డుకు తెచ్చేవి రెండు: సొమ్ము ఒకటి, మాట ఇంకొకటి. రెండూ ఎవరివో అడగకుండానే ఇంటికి తెచ్చుకుంటాం.

సొమ్ము సంగతి మన తెలుగు నేల మీద ఒక రాజు ఆలోచించాడు. మన ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో బాపట్ల దగ్గరి మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు వస్తే అదంతా రాజుకే చెందడం అంతకుముందు ఆచారం. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుని నష్టం మీద మేము బతకము, నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకోము అని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. అందుకే దాన్ని అభయశాసనం అంటాం. క్రీస్తును ఎరుగని రాజు పొరుగువాని సొమ్ము విషయంలో అంత భయభక్తులు చూపితే, ధర్మశాస్త్రం చేతపట్టుకున్న మనం ఎంత చూపాలి? తప్పిపోయిన సహోదరుని ఎద్దును, గొఱ్ఱెను, వస్త్రాన్ని తిరిగి అప్పగించమని ద్వితీయోపదేశకాండము 22లో దేవుడు చెప్పాడు కదా. యెరూషలేముకు ఆపద వచ్చిన దినాన దాని ఆస్తి మీద చెయ్యి వేసిన పొరుగు జనమైన ఎదోమును ఓబద్యా ప్రవక్త ఎంతగా గద్దించాడో చదవండి.

మాట సంగతి మెలితే ద్వీపం నేర్పుతుంది. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు తీయండి. ఓడ పగిలి 276 మంది తడిసి, వణుకుతూ ఒడ్డుకు చేరారు. వాళ్ళలో ఖైదీలున్నారు. ద్వీపవాసులు వాళ్ళ మూటలు వెతకలేదు. వానకు, చలికి నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకున్నారు. ఆ మంటలోనుండే సర్పం వచ్చి పౌలు చెయ్యి పట్టుకుంది. వెంటనే ఒక మాట పుట్టింది: వీడు నరహంతకుడు! కానీ ఆ మాట పట్టుకుని ఎవరూ రాయి ఎత్తలేదు. కనిపెట్టుకుని చూశారు. ఏ హానీ కలగకపోయేసరికి తమ మాట మార్చుకున్నారు. తరువాత పొప్లి తండ్రి స్వస్థత పొందాడు, ఇంకా ఎందరో రోగులు బాగుపడ్డారు. మొదటి మాటకే పౌలును కొట్టి చంపి ఉంటే ఆ ఆశీర్వాదం ఎవరి ఇంటికి వచ్చేది?

ప్రియులారా, 2024 సెప్టెంబరులో మన జైనూరు ఏం చూసిందో మీకు తెలుసు. ఒక ఆదివాసీ సోదరి మీద జరిగిన దాడికి న్యాయం అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కానీ ఆ తరువాత పుకార్లు వాగులా వచ్చాయి. దుకాణాలు కాలాయి. ఊరంతా ఆంక్షల్లో పడింది, ఇంటర్నెట్ కూడా ఆపేశారు. ఏ పాపమూ ఎరుగని వాళ్ళ బతుకుదెరువు బూడిదైంది. అది మనలో ఎవరికి లాభం? అదే అంగట్లో రేపు మళ్ళీ పక్కపక్కనే నిలబడి ఉప్పు, పప్పు కొనుక్కోవాల్సింది మనమే.

మెలితేలో కూడా నిప్పు వెలిగింది. అది పరాయివాడిని వెచ్చబెట్టిన నిప్పు. మన చేతిలోని అగ్గిపుల్ల ఏ నిప్పు వెలిగిస్తుందో మనమే నిర్ణయించుకోవాలి. ఈ వారం మీ ఫోనులోకి పొరుగువాని మీద ఏదైనా మాట కొట్టుకొస్తే, పంపే ముందు ఆగండి. నిజమా అని అడగండి. వీలైతే ఆ పొరుగువాని గడపకే వెళ్ళి అడగండి. ఇంట్లో ఎక్కడైనా ఇతరుల ఉంగరం దాగి ఉంటే, అది సొమ్మైనా, పొలం గట్టైనా, అనకూడని మాటైనా, ముప్పై ఏళ్ళు ఆగవద్దు. ఈ ఆదివారం లోపే తిరిగి ఇచ్చేయండి.

ప్రభువా, పొరుగువాని నష్టంలో మా లాభం వెతకని మనసు మాకు దయచేయుము. మా ఊరి గాయాలను మాన్పుము. యేసు నామమున, ఆమేన్.