రుద్రమదేవి యేలుబడిలో మోటుపల్లి రేవు



కాకతి రుద్రమదేవి పేరు వినని తెలుగువాడుండడు. ఆమె పురుషనామముతో సింహాసన మెక్కినదనియు, ఖడ్గము ధరించి పగవారిని తరిమినదనియు మనము పిల్లలకు కథలుగా చెప్పుచున్నాము. ఆ కథలలో చేరని విషయ మొకటి కలదు. ఆమె యేలిన దినములలో, సముద్రము దాటి వచ్చిన పరదేశి వర్తకునకు మన తీరమున ఎట్టి రక్షణ ముండెను? నేడు దానిని గూర్చి విన్నవింతును.

చీరాలకు దక్షిణముగా, చినగంజాము చెంత, మోటుపల్లి యను చిన్న గ్రామమున్నది. దానికి దేశియకొండపట్టణమని పూర్వము వేరొక పేరు. కాకతీయుల కాలమున నది గొప్ప రేవు. అచ్చటి వీరభద్రస్వామి యాలయమున నొక శిలాస్తంభము కలదు. దానిపై రుద్రమ తండ్రి గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166లో, అనగా క్రీ. శ. 1244-45లో, సంస్కృతాంధ్రములలో శాసనము చెక్కించెను. దానినే అభయశాసనమందురు.

అభయ మెవరికి? ఎవరి వలని భయమునుండి? దొంగల వలని భయము కాదు సుమీ, రాజుల వలని భయమే! ఓడ బ్రద్దలై సరకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో నది తీరమేలు రాజునకు చెందునని పూర్వాచారము. ప్రాణములు దక్కిన వర్తకుడు తడిబట్టలతో ఇసుకపై నిలిచి, తన మూటలను రాజభటులు మోసికొనిపోవుచుండగా చూచుచుండవలసినదే. గాలివాన మిగిల్చిన దానిని రాజు దోచెడివాడు.

ఇది మనదేశమున మాత్రమే యుండెననుకొనరాదు. ఐరోపా రాజులును దీనినే పాటించిరి. ఇంగ్లండులో 1275వ సంవత్సరమున, అనగా మన రుద్రమ యేలుచున్న దినములలోనే, ఒక చట్టము చేసిరి. పగిలిన ఓడనుండి మనుష్యుడుగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణములతో బయటపడినచో, సరకును ఒక యేడును ఒక దినమును భద్రపరచి, ఆలోగా సొంతదారు వచ్చి ఋజువు చూపినచో నిచ్చివేయవలెను. ఏ ప్రాణియు మిగులనిచో సరకంతయు రాజుదే. వర్తకుని యాస్తి పిల్లి ప్రాణముపై ఆధారపడెనన్నమాట!

గణపతిదేవుని శాసనమున కుక్కపిల్లుల ప్రసక్తి లేదు. పూర్వపు రాజులు దేశమునుండి దేశమునకు పోవుచు తుపానున చిక్కి తీరమున బడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును బలాత్కారముగా గైకొనిరనియు, తాము మాత్రము కృపచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియమిత శుల్కము తప్ప తక్కినదంతయు విడిచితిమనియు అందు కలదు. ప్రాణములకంటెను ధనమే మిన్నయని తలచి సముద్రమునకు తెగించినవారు గదా వర్తకులు, అట్టివారి ధనమును హరింపరాదని అందలి భావము. శుల్కమా, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పగడములు, మిరియములు, పట్టు, పోకలు మొదలగు సరకుల పేర్లును అందున్నవి. సుంకమెంతయో ముందే రాతిపై కనబడుచున్నప్పుడు, సుంకరి నోటికి వచ్చినంత యడుగుట కష్టము.

ఇందు దయ యెంత, రాజనీతి యెంత యని యెవరైన నడుగవచ్చును. నా మతమున రెండును కలవు. గుఱ్ఱములు లేక సేన లేదు, మేలైన గుఱ్ఱములు సముద్రముపై రావలసినదే. భయపడిన వర్తకుడు వేరొక రేవు చూచుకొనును.

ఇక రుద్రమ మాట. శాసనము తండ్రిది, కుమార్తెది కాదు; దీనిని మరుగుపరుపరాదు. అయితే తండ్రి యిచ్చిన మాట తండ్రితో పోవుటయు, కొత్త ప్రభువు మరల పాత యాచారమునకు దిగుటయు లోకమున నెఱుగనిది కాదు. రుద్రమ 1262 ప్రాంతమున పూర్ణాధికారము వహించినప్పుడు ఆమెకు ధనావసరము తక్కువది కాదు. దక్షిణమున పాండ్యులు నెల్లూరుసీమ నాక్రమించిరి. పడమట దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చెను. ఆడుది యేలుటకు సమ్మతింపని సామంతులు లోపల నుండిరి. ఇట్టి సమయమున, తీరమున బడిన ఓడ యొకటి చేతికి చిక్కినచో దానిని విడిచిపెట్టుటకు ఎంత నిబ్బరము కావలెనో యోచింపుడు. తండ్రి యిచ్చిన యభయమును ఆమె తిరుగద్రోసినట్లు తెలుపు శాసన మేదియు కానరాదు.

ఇందులకు పరదేశి సాక్ష్య మొకటి తోడగుచున్నది. వెనీసు నగరమువాడగు మార్కోపోలో తన గ్రంథమున ఈ దేశమును ముత్ఫిలి యను పేర వర్ణించెను. అది మోటుపల్లియే యని పండితుల నిర్ణయము. అచ్చట నొక రాణి పాలించుచున్నదనియు, ఆమె మహావివేకవతి యనియు, న్యాయమును శాంతిని ప్రేమించుటచే ప్రజలు పూర్వపు ప్రభువుల కెవరికిని చూపనంత ప్రేమ నామెకు చూపిరనియు వ్రాసెను. సాలెగూటివంటి సన్నని బట్టలను మెచ్చుకొనెను. లోయలలో మాంసఖండములు విసరి, గ్రద్దలచేత వజ్రములను తెప్పింతురని కూడ వ్రాసెను. దానిని మనము నమ్మనక్కఱలేదు. ఆమె చనిపోయిన రాజునకు భార్య యనియు, నలువదియేండ్లు పాలించెననియు వ్రాయుట పొరపాటు. ఆమె రాజపుత్రిక, భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు, పాలించినది ఇంచుమించు ఇరువదియేడేండ్లు.

అతడు మన సముద్రముల మీదుగా మరలిపోయినది 1292 ప్రాంతమున. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనమును బట్టి రుద్రమ 1289 నవంబరునాటికే గతించెను. కావున అతడు వ్రాసినది నావికుల నోట విన్న మాటయే కావలెను. రేవులలో తిరుగు నావికులు ఒక రాణి న్యాయమును పొగడిరనగా, వారికి ఆమె రేవున అన్యాయము జరుగలేదనియే నేను గ్రహించుచున్నాను.

కాకతీయ రాజ్యము 1323లో కూలెను. తరువాత కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి శకము 1280లో, అనగా 1358లో, మోటుపల్లిలోనే మరల నొక యభయశాసనము వేయించెను. వచ్చు వర్తకులు ఇష్టమున్నచో నిలువవచ్చును, వలదన్నచో పోవచ్చును, వారిని నిర్బంధింపము అని అందు కలదు.