అరిగిన గిన్నె చెప్పిన సంగతులు

1962 నాటికి ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రికి పాత రోగులు ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. అంతకుముందు అదే గుమ్మం దాటి, చేతికర్ర వదిలేసి, నవ్వుతూ ఇంటికి వెళ్లినవాళ్లే. ఇప్పుడు మళ్లీ కర్ర ఊతం కావాల్సి వచ్చింది. ఎక్స్‌రేలో చూస్తే, తుంటిలో అమర్చిన టెఫ్లాన్ గిన్నెను ఉక్కు బంతి తొలుచుకుంటూ పైకి పోయింది. తెరిస్తే కీలు చుట్టూ జున్నులాంటి ముద్ద. టెఫ్లాన్ గిన్నె పెట్టించుకున్నవాళ్లు సుమారు 300 మంది.

వాళ్లకు ఆపరేషన్ చేసింది జాన్ చార్న్లీ. ఇవాళ ప్రపంచమంతా జరుగుతున్న తుంటి మార్పిడికి ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది మాత్రం ఈ ఓడిపోయిన కేసుల దగ్గర.

కీలు మార్చాలన్న ఆశ పాతదే. 1890లో బెర్లిన్‌లో థెమిస్టొక్లెస్ గ్లూక్ ఏనుగు దంతంతో మోకీలు చేయించి అమర్చారు. క్షయ పట్టిన కీళ్లు కావడంతో చీము చేరింది, నిలవలేదు. 1946లో పారిస్‌లో జూడే సోదరులు తుంటిలో యాక్రిలిక్ బంతి పెట్టారు. అలాంటి బంతి ఉన్న ఒకాయన కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమనేదట; ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్లిపోయేదట. ఆ కిర్రుమనడం వెనక రాపిడి ఉందని చార్న్లీ పట్టుకున్నారు. రాపిడి తగ్గిస్తే కీలు వదులు కాదని లెక్క వేశారు. అందుకే మన దోసె పెనాలకు పూసే టెఫ్లాన్‌నే గిన్నెకు ఎంచుకున్నారు. ఉక్కు కాడను తొడ ఎముకలో బిగించడానికి పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్‌ను సిమెంటుగా తీసుకున్నారు. కాడ నిలిచింది, సిమెంటు నిలిచింది. గిన్నే మోసం చేసింది.

1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ ఆసుపత్రి వర్క్‌షాపుకు తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి తెచ్చాడు. లాంకషైర్ మిల్లుల్లో మగ్గాల పళ్లచక్రాలకు అమ్ముతున్న సరుకు అది. చార్న్లీ బొటనవేలి గోరుతో గీరి చూసి, పనికిరాదని వెళ్లిపోయారు. వర్క్‌షాపు చూసే హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని పారేయలేదు. డాక్టరుగారు కోపెన్‌హేగన్ వెళ్లిన రోజుల్లో అరుగుదల కొలిచే యంత్రానికి ఎక్కించారు. మూడు వారాలపాటు రాత్రింబగళ్లు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. అదే పాలీఎథిలీన్. ఆ నవంబరులోనే రోగి తుంటిలోకి చేరింది. చరిత్ర పుస్తకాల్లో క్రేవెన్ పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

కానీ టెఫ్లాన్ పొడిలాగే దీని పొడి కూడా ఒంటికి పడకపోతే? చార్న్లీ రెండు రకాల ప్లాస్టిక్‌నూ తన తొడలోకే ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలలయ్యాక టెఫ్లాన్ ఉన్నచోట వేలితో నొక్కితే గడ్డలు తగిలాయి. పెట్టినదానికి దాదాపు రెట్టింపయ్యాయి. పాలీఎథిలీన్ ఉన్నచోట చేతికేమీ తగల్లేదు. ఆ సంగతిని 1963లో లాన్సెట్ పత్రికలో అచ్చువేయించి, తాను నమ్మి వాడిన టెఫ్లాన్ వద్దని తోటి సర్జన్లను హెచ్చరించారు.

పాలీఎథిలీన్ కూడా అరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. రాలిన పొడిని మన కణాలు మింగుతాయి, అరిగించుకోలేవు. ఆ పెనుగులాటలో చుట్టూ ఎముక కరిగిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కీలు సడలితే, మళ్లీ బిగించడానికి లోపల గట్టి ఎముకే ఉండకపోవచ్చు. చెదపట్టిన ద్వారబంధానికి కొత్త మేకు కొడితే పట్టు దొరుకుతుందా? రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే ఎందుకంత కష్టమో అక్కడే తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ వైద్యులు, స్లోఫ్ బృందం, దీనికో దారి చూపి 1984లో ప్రకటించారు. వేరేవాళ్ల తుంటి ఆపరేషన్లలో తీసిన ఎముక బంతులను చిన్న ముక్కలు చేసి, గుంతలో దట్టించి, ఆపైన సిమెంటుతో కొత్త గిన్నె బిగించారు. కాలక్రమాన ఆ ముక్కల్లోకి రక్తనాళాలు పాకి, సొంత ఎముక పెరుగుతుంది.

ఇక చీము. తొలినాళ్లలో చార్న్లీ రోగుల్లో నూటికి ఏడుగురి దాకా కీలులో చీము పట్టేది. ఆయన ఆపరేషన్ బల్ల చుట్టూ అద్దాల గది కట్టించి, వడగట్టిన గాలిని అందులోకి పంపారు. ఆ సంఖ్య క్రమంగా నూటికి ఒకటి కన్నా దిగువకు వచ్చింది. గాలి గొప్పా, మందులు గొప్పా అన్న వాదన చాలాకాలం సాగింది. 1982లో ఎనిమిది వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించిన బ్రిటిష్ అధ్యయనం శుద్ధమైన గాలి ఒక్కటే చీమును సగానికి తగ్గించిందని తేల్చింది. అంతకుముందే 1970లో హాంబర్గ్‌లో బుఖోల్ట్జ్ ఎముక సిమెంటులోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలపవచ్చని చూపించారు.

ఆ సిమెంటు ముద్దను మా ఇంట్లోనే చూశాను. మోకాలు మార్చిన ఏడాదికి మా పెద్దమ్మకు చీము పట్టింది. లోహమంతా తీసేసి, ఆ చోట మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. ఎక్స్‌రేలో తెల్లటి ఇటుకలా కనిపించేది. వంగని ఆ కాలు ఎదురుగా పీట మీద చాపుకుని, దేవుడి గది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. "ఒరే, ఇంతకీ నాది మోకాలా, రోడ్డు కాంట్రాక్టా?" అని అడిగేది. రెండో ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు మొదట పెట్టింది ఏ కంపెనీదో, ఏ సైజో అడిగారు. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్లు ఫైల్లో అంటించి ఉండాలి. మా ఫైల్లో ఆ కాగితమే లేదు. తొలిసారి చేసిన ఆసుపత్రి చుట్టూ నాలుగు రోజులు తిరిగినా దొరకలేదు. ఆ స్టిక్కర్ కాపీ అడిగి తీసుకోండి, ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి.

ఎవరికి ఏ కీలు పెట్టారో, అది ఎన్నాళ్లు నిలిచిందో రాసిపెట్టే లెక్కలను స్వీడన్ జాతీయ స్థాయిలో 1975లో మోకాళ్లకు, 1979లో తుంట్లకు మొదలుపెట్టింది. చార్న్లీ అంతకు ముందే తన రోగులను వ్యక్తిగతంగా ఒకటి కోరేవారు: మీరు పోయాక మీ కీలు నాకు తిరిగి ఇప్పించండి, లోపల ఏం జరిగిందో చూడాలి. చాలామంది ఒప్పుకున్నారు. అలా ఏళ్ల తరబడి నడిచిన గిన్నెలు ఒక్కొక్కటే రైటింగ్టన్‌కు తిరిగి వచ్చాయి, ఎంత అరిగాయో కొలిపించుకోవడానికి.