సాఫ్ట్‌వేర్ డెవలపర్: పని, పనిముట్లు, అభ్యాసం

సాఫ్ట్‌వేర్ డెవలపర్ అనగా కంప్యూటరు, సెల్‌ఫోను మొదలగు యంత్రాలు చేయవలసిన పనిని ఆదేశాల రూపంలో వ్రాసి, ఆ వ్రాతను ఏళ్ల తరబడి సరిదిద్దుతూ నడిపించే ఉద్యోగి. ఈ ఆదేశాల వ్రాతకు కోడ్ అని పేరు. హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ వృత్తి పేరు వినని వారుండరు. అయినను ఆ ఉద్యోగి రోజంతా చేసే పని ఏమిటో ఇంటివారికి తెలియడం తక్కువ. పిల్లల శిక్షణ కోసం పొలం తాకట్టు పెట్టే ముందు ఆ సంగతి తెలిసి ఉండడం అవసరం.

నేపథ్యం

ఈ వృత్తి కర్ణాటక, తమిళనాడు సరిహద్దు పల్లెలకు చేరువ కావడానికి బెంగళూరు ప్రధాన కారణం. 1981లో పుణేలో ఆరంభమైన ఇన్ఫోసిస్ 1983లో ఆ నగరానికి తరలింది. అమెరికా సంస్థ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో అక్కడ తన కేంద్రాన్ని నెలకొల్పింది. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయింది. సంవత్సరాన్ని రెండంకెలతోనే గుర్తుంచుకొనే పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరాన్ని 1900గా భ్రమించకుండా సరిచేసే పని 1990ల చివర భారతీయ సంస్థలకు విరివిగా లభించింది. ఎవరో ఎప్పుడో వ్రాసిన దానిని చదివి బాగుచేయడమే ఆనాటి గిరాకీ. వృత్తి స్వభావం నేటికీ అదే.

దినచర్య

అనేక సంస్థలలో దినం పావుగంట సమావేశంతో మొదలవుతుంది. నిన్న చేసినది, నేడు చేయబోయేది, అడ్డు తగిలినది జట్టువారికి చెప్పాలి. ఆ తర్వాతి గంటలలో కొత్తగా వ్రాసే పంక్తులు కొద్దిపాటివే. ఇతరుల కోడ్ చదవడానికి, తప్పు ఎక్కడున్నదో వెదకడానికి, ఒకచోట చేసిన మార్పు మరొకచోట చెడుపు చేయలేదని పరీక్షించడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఒకరు వ్రాసినది సహోద్యోగి చదివి సమ్మతించిన పిమ్మట అసలు ప్రోగ్రాములో చేరుతుంది.

అమెరికా ఖాతాదారులతో పనిచేసేవారికి సాయంత్రాలు తమవి కావు. న్యూయార్కు కంటే భారతదేశ కాలమానం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడి ఉదయపు సమావేశం ఇక్కడ రాత్రి ఏడెనిమిది గంటలకు పడుతుంది. సంక్రాంతికి ఊరికి వచ్చిన కొడుకు అరుగు మీద ల్యాప్‌టాప్ తెరచి కూర్చుంటే కోపగించుకోనవసరం లేదు. నడుస్తున్న వ్యవస్థ ఆగిపోతే వెంటనే చూడవలసిన వంతు ఆ వారం అతనిది కావచ్చు.

ఒక పేరు తెచ్చే చిక్కు

ఈ పని ఎటువంటిదో గ్రహించడానికి ‘లక్ష్మి’ అనే పేరు చాలు. వినేవారికి అవి రెండే అక్షరాలు. ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో అవి ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. సర్వసాధారణమైన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్ల చోటు కావాలి. కనుక ఆ చిన్న పేరుకు 21 బైట్లు పడతాయి. ఆంగ్ల లిపిలో వ్రాస్తే ఏడు బైట్లతో సరిపోతుంది.

పేరుకు 20 బైట్లు చాలునని ఎవరో నిర్ణయించి, ఆంగ్లపు పేర్లతో మాత్రమే పరీక్షించారనుకొందాం. అంతా సక్రమంగా కనిపిస్తుంది. తెలుగులో నమోదైన నాడు లక్ష్మి పేరు చివరి గుడి తెగిపోయి, దాని స్థానంలో ప్రశ్నార్థకమో ఖాళీ డబ్బానో వెలుస్తుంది. ఫిర్యాదు అందుకొన్న డెవలపర్ తెర మీది ముద్రణ నుంచి వెనక్కు నడిచి, దత్తాంశం నిలువచేసిన చోటికి చేరి, ఆ పరిమితిని పట్టుకోవాలి. సవరణ ఒక్క పంక్తి. దానిని కనుగొనడానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంటిపేర్ల సంగతి మరీ చిత్రం. ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు తొలి అక్షరంతో సరిపెడతారు. హోసూరు వైపు ఒకే వంశంలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఇంటిపేరు గడిని తప్పనిసరి చేసి, ఒక్క అక్షరాన్ని అంగీకరించని దరఖాస్తు అటువంటివారిని గుమ్మం వద్దే నిలిపివేస్తుంది. రెండు మూడు భాషల నడుమ పెరిగిన యువకులకు ఇటువంటి లోపాలు ముందే తోస్తాయి. సరిహద్దు పిల్లలు తమకు లోటుగా భావించే ఈ పెంపకం వృత్తిలో వారికి అక్కరకు వచ్చే గుణమే.

పనిముట్లు

కోడ్ వ్రాయడానికి ఎడిటర్, దానిని యంత్రభాషలోకి మార్చడానికి కంపైలర్, తప్పు జరిగిన చోట ఆపి చూడడానికి డీబగ్గర్ కావాలి. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ ఉచితం. పైథాన్, జావాస్క్రిప్టు వంటి భాషలు నేర్చుకోవడానికి గాని, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును వాడడానికి గాని రుసుము లేదు.

పల్లెవారికి సులభంగా బోధపడే పనిముట్టు గిట్. ఇదియు టోర్వాల్డ్స్ 2005లో చేసినదే. పూర్వం కరణం దస్త్రంలో పాత పద్దును కొట్టివేయక కొత్త పద్దు వ్రాసినట్లు, గిట్‌లో ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్న వివరంతో నిలిచిపోతుంది. కొత్త మార్పు బెడిసికొడితే నిన్నటి స్థితికి మరలవచ్చు. శిక్షణ పొందిన పిల్లవాడు నిజంగా ఏమి నేర్చాడో తెలుసుకొనదలచినవారు అతని గిట్ దస్త్రం చూడాలి. నెలల తరబడి పేరుకొన్న చిన్న చిన్న మార్పులు అందులో ఉంటే అతడు పని చేసినట్లే.

అభ్యాసం

ఈ వృత్తిలో చదువు ఉద్యోగంతో ముగియదు. అట్లని పాతదంతా పోదు. 1959లో రూపకల్పన జరిగిన కోబాల్ భాష నేటికీ కొన్ని బ్యాంకుల లెక్కలు నడుపుతున్నది. భాషలు మారినా దత్తాంశాన్ని అమర్చే తీరు, తర్కం, తప్పు వెదికే ఓపిక నిలుస్తాయి. వీటిని వదలి నిరుడు గిరాకీ ఉన్న పనిముట్టు పేరు మాత్రమే కంఠస్థం చేయించే శిక్షణ ఖర్చుకు తగదు.

2021లో వెలువడిన గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ తర్వాత యంత్రమే కోడ్ వ్రాసి ఇవ్వడం సామాన్యమయింది. పూర్వం కొత్తవారికి అప్పగించే చిల్లర పనులను ఇవి క్షణాలలో చేస్తాయి. యంత్రం ఇచ్చినదాన్ని చదివి, పై లక్ష్మి పేరు వంటి తప్పును పసిగట్టగలవాడు కావాలి. కనుక కొత్తగా చేరేవారి నుంచి కోరే పరిజ్ఞానం పెరిగింది.

ఇంటివారు గమనించవలసినవి

పేరున్న సంస్థలు ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి వద్ద సొమ్ము తీసుకొనవు. దొడ్డిదారి ఉద్యోగమని లక్షలు అడిగేవారిని, లేని అనుభవానికి పత్రం సృష్టించేవారిని దూరంగా ఉంచాలి. భవిష్యనిధి ఖాతాలో ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేసినదీ నమోదై ఉండడం వలన దొంగ అనుభవం తరచు బయటపడుతుంది. బయటపడిన నాడు ఉద్యోగం పోతుంది, అప్పు మిగులుతుంది. అసలు ధ్రువపత్రాలను ఎవరి వద్దనూ తాకట్టుగా ఉంచరాదు. నియామక పత్రంలో కనిపించే వార్షిక మొత్తంలో భవిష్యనిధికి యజమాని చెల్లించే వాటా, హామీ లేని ప్రోత్సాహకం కూడా కలిసి ఉండవచ్చు గనుక చేతికి వచ్చే జీతం అంతకన్న తక్కువ. పెళ్లి మాటలలో ఆ పెద్ద సంఖ్యనే చెప్పుకోవడం వేరే సంగతి.

అమీర్‌పేట వంటి శిక్షణ కేంద్రాలకు పోలేనివారికి ఇంటివద్దనే మార్గాలున్నాయి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ పాఠాలను ఉచితంగా చూడవచ్చు. పరీక్ష వ్రాసి ధ్రువపత్రం కోరేవారు మాత్రమే రుసుము చెల్లించాలి. ఐఐటీ బొంబాయి నిర్వహించే స్పోకెన్ ట్యుటోరియల్‌లో అనేక పాఠాలు తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ భాషలలో వినవచ్చును.