వేట రైఫిలు గుండ్లు: పోత, అచ్చుల చరిత్ర

సీసాన్ని గానీ, తగరం, ఆంటిమొనీ కలిపిన సీసపు మిశ్రమాన్ని గానీ కరిగించి, రెండు దిమ్మెలుగా విడిపోయే అచ్చులో పోసి తుపాకి గుండ్లు చేయడాన్ని గుండ్ల పోత అంటారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అందుకు కట్టెల మంట చాలు కాబట్టి కార్ఖానాలకు ఎంతో దూరాన ఉన్న వేటగాళ్లు కూడా శతాబ్దాల పాటు తమ గుండ్లు తామే పోసుకున్నారు. రైఫిలు గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాడులుంటాయి. గుండు వాటిని నిండుగా పట్టుకుంటేనే గిర్రున తిరుగుతూ సూటిగా పోతుంది. గుండు సన్నమైతే మందు పొగ పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గొట్టానికి పూస్తుంది, గురి చెడుతుంది. అందువల్ల వేట రైఫిలుకు అచ్చును ఎంచుకోవడంలో మొదట చూడవలసింది గొట్టం కొలత. మిగతావన్నీ దాని తరవాతే.

తొలి కాలం

సీసపు గుండ్ల పోత తుపాకి కంటే చాలా పాతది. గ్రీకులు, రోమన్లు వడిసెలతో విసరడానికి బాదంకాయ ఆకారంలో సీసపు గుండ్లు పోసేవారు. క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు ఫిలిప్ ముట్టడించిన ఒలింథస్ నగరంలో అక్షరాలు పోత పోసిన అలాంటి గుండ్లు దొరికాయి. తుపాకులు వచ్చాక 18వ శతాబ్దం వరకు ఐరోపాలో రాతి, కంచు, ఇనుప అచ్చులు వాడుకలో ఉన్నాయి.

తుపాకులను బోరు లెక్కన చెప్పడం ఆ రోజుల నుంచి వచ్చినదే. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, ఆ గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. దాని వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పక్షుల వేటకు వాడే రవ్వ గుండ్ల కథ వేరు. బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ 1782లో పేటెంటు పొందిన పద్ధతిలో కరిగిన సీసాన్ని జల్లెడ గుండా ఎత్తు నుంచి నీళ్లలోకి జార్చేవారు.

అమెరికాలో ఇంటి పోత

ఇంటి పోత ఎక్కువగా వర్ధిల్లింది అమెరికాలో. 1776 జులై 9న న్యూయార్క్‌లో జనం పడగొట్టిన మూడవ జార్జి రాజు సీసపు విగ్రహం ముక్కలను కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు చేర్చారు. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇంటి ఆడవాళ్లు, పిల్లలు, ఇరుగుపొరుగువారు కలిసి 42,088 గుండ్లు పోశారు. ఎవరు ఎన్ని పోశారో పేరుపేరునా రాసిపెట్టుకున్న పద్దు కూడా నిలిచింది. 1804లో పడమటికి బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం తుపాకి మందును సీసపు డబ్బాల్లో మోసుకుపోయింది. ఒక్కో డబ్బాలో నాలుగు పౌన్ల మందు. డబ్బా బరువు ఎనిమిది పౌన్లు. మందు అయిపోగానే డబ్బాను కరిగించి ఆ మందుకు సరిపడా గుండ్లు పోసుకునేవారు. మెరివెదర్ లూయిస్ చేసిన ఈ ఏర్పాటు ఎంతో ముందుచూపు గలది.

అప్పట్లో రైఫిళ్లు చేతిపనిగా తయారయ్యేవి. ఒక గొట్టం కొలత మరో గొట్టానికి సరిగ్గా కలిసేది కాదు. అందుకే తుపాకి చేసినవాడే దానికి తగిన అచ్చు కూడా చేసి ఇచ్చేవాడు. అచ్చు పోతే ఆ రైఫిలుకు గుండు దొరకడం కష్టమయ్యేది.

మినియే గుండు నుంచి ఐడియల్ అచ్చుల దాకా

మూతి నుంచి మందు కూరే రైఫిల్లో గుండు లోపలికి తేలిగ్గా దిగాలంటే సన్నగా ఉండాలి, గాడులను పట్టాలంటే లావుగా ఉండాలి. ఈ చిక్కును 1849లో ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మినియే విడదీశాడు. ఆయన గుండు అడుగు గుల్లగా ఉంటుంది. మందు పేలినప్పుడు అంచు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. ఇలా విచ్చుకోవాలంటే సీసం మెత్తగా, కల్తీ లేకుండా ఉండాలి.

వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్లు వచ్చాక గుండును మొదటే గాడుల కొలతకు పోయడం వీలైంది. 1870ల్లో అమెరికా మైదానాల్లో అడవిదున్నలను వేటాడినవారు షార్ప్స్ రైఫిళ్లకు తమ విడిదుల్లోనే గుండ్లు పోసుకునేవారు. ఆ కాలపు నల్లమందు రైఫిళ్లకు 16 పాళ్లు సీసం, ఒక పాలు తగరం మంచి మిశ్రమమని పేరు. తగరం గుండును కొంచెం గట్టిపరుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కరిగిన లోహం అచ్చు మూలమూలలకూ పారేలా చేస్తుంది.

ఈ దశకు మూలపురుషుడనదగినవాడు జాన్ బార్లో. 1884లో ఆయన కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో ఐడియల్ కంపెనీని పెట్టి అచ్చులు, తూటాలు తిరిగి నింపే పరికరాలు అమ్మాడు. కంపెనీ వెలువరించిన ఐడియల్ చేతిపుస్తకం వేటగాళ్లకు పాఠ్యపుస్తకమైంది. కంపెనీ 1910లో మార్లిన్ చేతికి, 1925లో లైమన్ చేతికి వెళ్లింది. ఆ అచ్చుల సంఖ్యల్లో మొదటి మూడు అంకెలు గుండు వ్యాసాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాయి, తరవాతివి నమూనా సంఖ్య. 457125 అంటే 0.457 అంగుళాల వ్యాసం గల 125వ నమూనా. ఇది అమెరికా సైన్యం 45-70 రైఫిలుకు వాడిన 500 గ్రెయిన్ల, అంటే 32 గ్రాముల పైచిలుకు గుండు. 311041 నమూనా మొన చదునుగా ఉంటుంది. 30-30 తూటా వాడే వించెస్టర్ వంటి రైఫిళ్లలో తూటాలు గుండు వెళ్లే గొట్టం కింద ఉండే నిల్వ గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి కాబట్టి, కూచి మొన ముందున్న తూటా రంజకాన్ని పొడిచి పేల్చే ప్రమాదం ఉంది. చదును మొన ఆ ప్రమాదాన్ని తప్పించడమే కాక, జంతువుకు బలమైన దెబ్బ తగిలేలా చేస్తుంది.

గుండు బరువు ఎంత ఉండాలన్నది గాడుల మెలికను బట్టి ఉంటుంది. ఒకే వ్యాసంలో బరువు పెరిగితే గుండు పొడవవుతుంది, పొడవైన గుండుకు బిగువైన మెలిక కావాలి. ఇంగ్లండులోని వూలిచ్‌లో గణిత ఆచార్యుడైన గ్రీన్‌హిల్ 1879లో దీనికి సూత్రం కట్టాడు: వ్యాసం వర్గాన్ని 150తో గుణించి గుండు పొడవుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. సీసపు గుండ్లకు ఇది నేటికీ అక్కరకొస్తుంది.

1909లో డాక్టర్ ఫ్రాంక్లిన్ మాన్ ఓపికగా చేసిన ప్రయోగాల పుస్తకం వెలువడింది. మొన చెక్కేసిన గుండ్లు కూడా చాలావరకు గురి తప్పలేదని, అడుగు కొంచెం చెడినా గుండు పక్కకు పోతుందని ఆయన చూపించాడు. గుండు మూతి దాటే క్షణంలో అడుగున ఒక పక్క నుంచి ముందుగా బయటపడిన పొగ దాన్ని ఒరిగించేస్తుంది. గొట్టాల తయారీలో సాటిలేని పనివాడనిపించుకున్న హ్యారీ పోప్ సీసాన్ని అడుగు వైపు కాక మొన వైపు నుంచి పోసే అచ్చులు చేశాడు. అలా అడుగు అంచు నిక్కచ్చిగా దిగుతుంది.

పొగలేని మందు వచ్చాక

1880ల్లో స్విస్ అధికారి రూబిన్ రాగి తొడుగు గుండును, ఫ్రెంచివారు 1886లో పొగలేని మందు రైఫిలును తెచ్చారు. కొత్త మందు వేగానికి ఉత్త సీసపు గుండు తట్టుకోలేకపోయింది. గుండు అడుగుకు చిన్న రాగి గిన్నె తొడిగే ఉపాయాన్ని బార్లో ప్రవేశపెట్టాడు. గట్టి మిశ్రమంతో అది సెకనుకు 600 మీటర్ల వేగాన్ని కూడా తట్టుకుంటుంది. గట్టి మిశ్రమం అచ్చాఫీసుల్లోనే దొరికింది: లైనోటైపు అక్షరాల లోహంలో 84 శాతం సీసం, 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం ఉంటాయి. ఉత్త సీసం బ్రినెల్ గట్టిదనం 5 అయితే దీనిది 22. అయితే వేటకు ఇది మరీ పెళుసు. జంతువు ఎముకకు తగిలి ముక్కలు కావచ్చు. వేటకు కొంత మెత్తని మిశ్రమమే మేలు. పైగా ఒకే అచ్చులో లైనోటైపు గుండు ఉత్త సీసపు గుండు కంటే కాస్త లావుగా, తేలిగ్గా దిగుతుంది కాబట్టి అచ్చును మిశ్రమంతో కలిపి ఎంచుకోవాలి.

పోత పద్ధతి పెద్దగా మారలేదు. మెత్తని సీసపు గుండును గొట్టం గుండా తోసి, దాని మీద పడిన గాడుల అచ్చును మైక్రోమీటరుతో కొలుస్తారు. దానికి అంగుళంలో ఒకటి రెండు వెయ్యో వంతులు ఎక్కువ వచ్చే అచ్చు తీసుకుంటారు. కరిగిన లోహంలో చిటికెడు తేనెమైనం వేసి కలిపి, పైన తేలిన తెట్టు తీసేస్తారు. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. అందుకే మొదటి కొన్ని గుండ్లను తిరిగి కుండలోనే వేస్తారు. పై పలకను కొయ్యతో తట్టి తెరిచి, గుండును మెత్తని గుడ్డ మీద జారవిడుస్తారు. కుండలో నీటిబొట్టు పడితే సీసం పేలినట్టు ఎగజిమ్ముతుంది. సీసపు పొగ, ధూళి విషం. 1970ల నుంచి చవకైన అల్యూమినియం అచ్చులు ఇనుప అచ్చులకు పోటీగా వచ్చాయి.

భారతదేశంలో

ఫ్రెంచి సేనాని రేమండ్ 1790ల్లో హైదరాబాదులో పెట్టిన ఫిరంగుల కార్ఖానాను జనం తోప్ కా సాంచా అనేవారు. గన్‌ఫౌండ్రీ అన్న పేట పేరు దానిదే. అడవి వేట సంగతికి వస్తే, మధ్య భారతంలో పనిచేసిన జేమ్స్ ఫోర్సిత్ 1863లో వేట రైఫిలు గుండ్లపై పుస్తకం రాసి, దట్టమైన అడవిలో దగ్గరి వేటకు పెద్ద గుండ్రటి సీసపు గుండే మేలని వాదించాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల వల్ల దేశంలో వేటకు దాదాపు తావు లేదు. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం.

ఇటీవలి కాలం

వేటాడిన జంతువుల కళేబరాల్లో మిగిలిన సీసపు తునకలు తిని కాలిఫోర్నియా కాండార్ రాబందులు చనిపోతున్నాయని తేలింది. 1982 నాటికి ఆ పక్షులు 22 మాత్రమే మిగిలాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించారు. డెన్మార్క్ 2024లో రైఫిలు గుండ్లకూ నిషేధం వర్తింపజేసింది. సీసానికి బదులు వచ్చిన రాగి 1,085 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఇంటి పొయ్యికి అది లొంగదు కాబట్టి రాగి గుండ్లను కార్ఖానాల్లో యంత్రాల మీదే తయారుచేస్తున్నారు.