గడియారము నేర్పిన పొదుపు

ఎదురెదురుగా రెండు లోహపు రేకులు, వాని నడుమ కొంత ఎడము: కండెన్సరు స్వరూప మింతియే. ఎడము తగ్గినచో విద్యుత్తును నిలుపుకొను శక్తి పెరుగును, హెచ్చినచో తరుగును. పీడనము, చలనము, వ్రేలి స్పర్శ మొదలైనవానిని ఈ మార్పునుబట్టి కొలువవచ్చును. 1917లో అమెరికాలో వెంట్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన కండెన్సరు మైక్రోఫోను ఈ సూత్రముమీదనే పనిచేసినది.

ఇట్టి గ్రాహకము తాను కదలక యున్నప్పుడు విద్యుత్తును దాదాపు వ్యయపరుపదు. వ్యయమంతయు దాని మార్పును చదువు వలయముదే. ఆ కాలపు వాల్వులలో తీగను ఎఱ్ఱగా కాల్చినగాని పని సాగెడిది కాదు. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లుండెడిది.

దీనికి మార్గము చూపినది చేతిగడియారము. 1962లో స్విట్జర్లండులోని నూషాటెల్ నగరమున గడియారముల పరిశ్రమవారు ఎలక్ట్రానిక్ పరిశోధనాలయమును నెలకొల్పిరి. బొత్తామంత బ్యాటరీతో గడియారమును దీర్ఘకాలము నడపుట వారి సమస్య. 1963లో అమెరికాలో వాన్లాస్, సా అనువారు సీమాస్ వలయమును ప్రకటించిరి; ఊరక యున్నప్పుడు అది కరెంటును దాదాపు వాడదు. 1967లో నూషాటెల్‌లో క్వార్ట్జ్ చేతిగడియారపు నమూనాలు సిద్ధమైనవి.

అక్కడి పరిశోధకులలో ఎరిక్ విట్టోజ్ ముఖ్యుడు. ట్రాన్సిస్టరు మూసియున్నదని తలచు స్థితిలోను అందు అత్యల్ప ప్రవాహము కారుచుండును. అంతవరకు దానిని దోషముగా నెంచెడివారు. ఆ కారుడు ప్రవాహమునకు నియతమైన సూత్రమున్నదనియు, దానితోనే నమ్మదగిన వలయములు నిర్మింపవచ్చుననియు 1977లో విట్టోజ్, ఫెల్రాత్ అనువారు నిరూపించిరి. గడియారమునకై పుట్టిన ఈ విద్య పిమ్మట గ్రాహకములను చదువు చిప్పులకును ఆధారమైనది.

దీని ఫలమును లెక్కలో చూతము. 220 మిల్లీఆంపియర్-గంటల నాణెపు బ్యాటరీ, ఒక మిల్లీఆంపియరు వాడు వలయమునకు తొమ్మిది దినములు చాలును. ఒక మైక్రోఆంపియరుతో తృప్తిపడు వలయమునకు, లెక్క ప్రకారము, 25 సంవత్సరములు! బ్యాటరీ స్వయముగా క్షీణించుటచే వాస్తవములో కొంత తగ్గును.

అయినను పొదుపునకు హద్దు కలదు. ఉష్ణముచే ఎలక్ట్రానులు నిరంతరము చలించుచుండును. ఒక పికోఫారడ్ కండెన్సరుపై, గది వేడిమియందు, దీనివలన కలుగు అలజడి సుమారు 64 మైక్రోవోల్టులు. కండెన్సరు చిన్నదగుకొలది అలజడి హెచ్చును. దానిని అణచుటకు పలుమార్లు కొలిచి సగటు తీయవలెను. కొలిచిన ప్రతిసారియు విద్యుత్తు వ్యయమగును. అందుచే నేటి చిప్పు అధికకాలము నిద్రించి, క్షణకాలము మేల్కొని, కొలిచి, మరల నిద్రించును.

శరీరములో అమర్చిన యంత్రమునకు బ్యాటరీ తీరినచో మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. అచ్చట పొదుపుచేసిన ప్రతి మైక్రోఆంపియరును రోగికి కత్తిగాటు లేని దినములను ప్రసాదించును. దోషమని త్రోసిపుచ్చినదానిని ఓర్పుతో కొలిచి చూచినవారి పుణ్యమిది.