తప్పు తెలిపి గడువిచ్చుట

ఒక కుటుంబమును నివాసమునుండి వెడలగొట్టుట చిన్న శిక్ష కాదు. బాడుగ యిల్లు పరుని సొత్తే యైనను, అందు కాపురమున్నవారికి అదియే పొయ్యి, అదియే పడక, పిల్లల బడికి అదియే దారి. కావున బాడుగదారు ఒడంబడికలోని షరతు నొకదానిని మీఱినప్పుడు ఇంటి యజమాని మొదట చేయవలసిన దేమి? వెంటనే ఇల్లు విడువుమనుటయా? లేక, నీవు చేసిన తప్పు ఇది, ఇన్ని దినములలో సవరించుకొనుమని తెలుపుటయా? మొదటి మాటనుండి రెండవ మాటకు వచ్చుటకు న్యాయశాస్త్రమునకు చిరకాలము పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగ తెలుపుట ఈ వ్యాసమున కుద్దేశము.

మన ప్రాచీనులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున, వాస్తువును గూర్చిన భాగములో, బాడుగ యిండ్ల ప్రసంగము కలదు. వలదన్న పిమ్మటను ఇంట నిలిచియుండు బాడుగదారునకును, బాడుగకున్నవానిని వెడలగొట్టు యజమానికిని అందు ఒకటే దండనము: 12 పణములు. బాడుగదారు పరుషభాషణము, దొంగతనము, సాహసము, స్త్రీసంగ్రహణము, మిథ్యాభోగము అనువానిలో దేనికైన పాల్పడినచో మాత్రము యజమానికి దోషము లేదు. తనంతట తానే లేచిపోవు బాడుగదారు ఆ యేటి బాడుగలో మిగిలినదానిని చెల్లింపవలెను. పరుని స్థలమున బాడుగ చెల్లించుచు ఇల్లు కట్టుకొన్నవాడు, విడిచిపోవునప్పుడు తన గడ్డిని, కలపను, ఇటుకలను తీసికొనిపోవచ్చునని నారదస్మృతి చెప్పుచున్నది. ఉభయులను ఒకే త్రాసున తూచిన ఈ బుద్ధి మెచ్చదగినది. ఐనను ఒక కొఱత కలదు. ఈ నియమములలో తప్పునకును వెడలగొట్టుటకును నడుమ మెట్టు లేదు. దిద్దుకొనదగిన తప్పును దిద్దుకొనరాని తప్పునుండి వేఱుచేయు మాట లేదు.

ఇక ఆధునిక శాసనము. 1882వ సంవత్సరము మన సీమకు రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆ యేడే బళ్లారినుండి విడివడి అనంతపురము జిల్లా యేర్పడెను. ఆ యేడే జులై 1వ తేదీన ఆస్తి బదిలీ చట్టము అమలులోనికి వచ్చెను. నల్లచెరువు ప్రాంతము అప్పటికి కడప జిల్లాలో నుండెను. 1910లో కదిరితో కూడ అనంతపురము జిల్లాకు చేరెను. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమయ్యెను. ఏలుబడులు మాఱినవి, జిల్లాల పేరులు మాఱినవి. ఆ చట్టము మాత్రము పెక్కు సవరణలతో నేటికిని నిలిచియున్నది.

ఆ చట్టమున ఒకదానితో నొకటి పొసగని రెండు కొలతలు కలవు. 108వ సెక్షను ప్రకారము బాడుగదారు ఇంటిని తాను ప్రవేశించిన నాటి స్థితిలో నుంచవలెను; సహజమైన అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు. యజమాని తగిన వేళల వచ్చి చూచి, లోపమున్నచో నోటీసు ఇయ్యవచ్చును. ఆ లోపము బాడుగదారుని వలననో, అతని పనివారి వలననో కలిగినదైనచో మూడు మాసములలో బాగుచేయవలెను. ఇది సవరణకు గడువు. 106వ సెక్షను మాట వేఱు. ఒడంబడికగాని స్థానికాచారముగాని అడ్డు లేనప్పుడు, నెలనెలకు సాగు నివాసపు బాడుగను ఇరువురిలో ఎవరైనను 15 దినముల వ్రాతపూర్వకమైన నోటీసుతో ముగింపవచ్చును. కారణము చెప్పనక్కఱలేదు. చెడిన మిద్దెను బాగుచేయుటకు మూడు మాసములు. ఆ మిద్దె క్రింద కాపురమున్నవారు వేఱొక నీడ వెదకికొనుటకు పదునైదు దినములు!

నిర్ణీతకాలమునకు వ్రాసికొన్న బాడుగల స్థితి మఱియొకటి. షరతు మీఱినచో యజమాని ఇంటిని తిరిగి స్వాధీనము చేసికొనవచ్చునని ఒడంబడికలో నున్నయెడల, కాలము తీఱకమునుపే బాడుగదారుని హక్కు పోవచ్చునని 111వ సెక్షను చెప్పెను. బాడుగ బకాయి విషయమున 114వ సెక్షను కొంత దయ చూపెను. వ్యాజ్యపు విచారణనాటికి బకాయిని వడ్డీతోను పూర్తి ఖర్చులతోను చెల్లించినను, 15 దినములలో చెల్లింతునని తగిన హామీ ఇచ్చినను, న్యాయస్థానము అతనిని కాపాడవచ్చును. ఇతర షరతులను మీఱినవానికి మాత్రము చట్టమున అట్టి సెక్షను లేకుండెను. ఇంగ్లండులో 1881 నాటి కన్వేయన్సింగు చట్టము 14వ సెక్షను అప్పటికే ఆ దారిని చూపియుండెను. మన చట్టమున కది 1929 నాటి సవరణతో 114-ఏ సెక్షనుగా వచ్చెను. అనగా దాదాపు అర్ధశతాబ్దము ఆలస్యమైనది.

ఈ సెక్షను చిన్నది. కాని అందలి నీతి పెద్దది. స్పష్టమైన షరతును మీఱినందున హక్కు పోయినదని యజమాని వ్యాజ్యము వేయవలెనన్నచో, ముందుగా బాడుగదారునకు వ్రాతమూలకమైన నోటీసు అందజేయవలెను. మీఱిన షరతు ఏదో అందు ప్రత్యేకముగ చెప్పవలెను. అది దిద్దుకొనదగినదైనచో దిద్దుకొనుమని కోరవలెను. తగిన కాలము గడచినను దిద్దుకొననిచో మాత్రమే వ్యాజ్యమునకు దారి. నివాసమునకు తీసికొన్న ఇంట వేరుసెనగ మూటలు నింపి అంగడిగా చేసినవాడు మూటలు తీయవచ్చును. వాకిట ఆవరణము కట్టినవాడు విప్పవచ్చును. ఇవి దిద్దుకొనదగిన తప్పులు. ఐతే అనుమతిలేక ఇతరులకు ఇంటి నిచ్చుటను నిషేధించు షరతుకును, బాడుగ బకాయి షరతుకును ఈ సెక్షను వర్తింపదు. మఱియొక నియమమును యజమానులు మఱవరాదు. తప్పు తెలిసియు, అటుపిమ్మట రావలసిన బాడుగను పుచ్చుకొన్నచో, 112వ సెక్షను ప్రకారము ఆ తప్పును మన్నించినట్లే యగును; వ్యాజ్యము వేసిన తరువాత పుచ్చుకొన్నదానికి మాత్రము ఈ ఫలము లేదు.

ఇంత మంచి నియమము ఎందఱికి అక్కఱకు వచ్చుచున్నది? వ్రాసికొన్న షరతు ఉన్నవారికే. నల్లచెరువు వంటి గ్రామమున బదిలీపై వచ్చిన ఉపాధ్యాయుడుగాని, పనికై వచ్చిన కూలివాడుగాని నోటిమాటపై ఇల్లు తీసికొన్నచో అతని బాడుగ నెలనెలకు సాగునదే. అతనికి 114-ఏ నీడ దొరకదు. 106వ సెక్షను ఎండయే మిగులును. చిన్న తప్పునకు యజమానికి కోపము వచ్చిన, ఆ తప్పును చెప్పకయే 15 దినముల నోటీసుతో పంపివేయవచ్చును. తప్పు చేయనివానికిని ఇదే గతి.

పట్టణములకు కొంత మేలు జరిగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇండ్ల కొఱత హెచ్చగా మదరాసు ప్రభుత్వము బాడుగల నియంత్రణమునకు పూనుకొనెను. 1946లోను 1949లోను చట్టములు చేసెను. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి చట్టము నగరములకును మునిసిపాలిటీలకును, ప్రభుత్వము ప్రకటించిన ఇతర ప్రదేశములకును వర్తించెను. దాని క్రింద కారణము చూపనిదే బాడుగదారుని కదల్పరాదు. బకాయి బుద్ధిపూర్వకము కాదని తోచినచో కంట్రోలరు 15 దినములకు మించని గడువిచ్చి యజమాని అర్జీని త్రోసివేయవచ్చును. అయితే అట్టి చట్టముల క్రింద ఇల్లు ఖాళీ చేయించుటకు 106వ సెక్షను నోటీసు అవసరము లేదని 1979లో ధనపాల్ చెట్టియార్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. కారణము నిలిచెను, ముందు మాట తొలగెను. 2017లో ఆంధ్రప్రదేశ్ బాడుగలకు క్రొత్త శాసనము చేసికొనెను. 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా చట్టము ముందు మాటను మరల నిలిపినది: ఇంటి దుర్వినియోగము మానుమని నోటీసు ఇచ్చిన పిమ్మటను మానకున్నప్పుడే ఆ కారణమున ఖాళీ చేయింపవచ్చునని అందు కలదు. నమూనా కావున, రాష్ట్రము స్వీకరించినగాని దానికి బలము లేదు.

ఐనను శాసనము వచ్చువఱకు ధర్మము ఆగనక్కఱలేదు. ఇల్లిచ్చునాడే ఇరువురును ఒక కాగితమున తెలుగున షరతులు వ్రాసికొనవలెను. ఏడాదికి మించిన బాడుగ పత్రమును రిజిష్టరు చేయింపవలెను. తప్పు దొరలిన యెడల యజమాని వీధిలో కేకలు వేయక, నీటిని దీపమును ఆపక, నాలుగు మాటలు వ్రాసి యీయవలెను: మీఱిన షరతు ఏది, ఏ దినమున కనబడినది, ఏమి చేసిన సరిపడును, ఎన్నాళ్లలో చేయవలెను. సంతకము చేసి చేతికిచ్చి చేరినట్లు వ్రాయించుకొనుటయో, రిజిష్టరు తపాలలో పంపుటయో ఉభయులకు క్షేమము. బాడుగదారును దానిని అవమానముగ తలపక, చేయదగినది చేసి, చేసితినని మరల వ్రాతమూలముగనే తెలుపవలెను.

పాఠశాలలో పిల్లవాని వ్రాతలో తప్పున్నచో దాని క్రింద గీత గీసి దిద్దుకొమ్మందుము. పలక లాగికొని వెళ్లగొట్టము. పిల్లవానికి చూపు ఈ ఓర్పు, ఇల్లు లేనివానికి చూపుట యజమానికి నష్టము కాదు. ఆ నాలుగు మాటల చీటి వ్రాయు వాడుక ఊరూర నెలకొన్ననాడు, న్యాయస్థానపు మెట్లెక్కు వ్యాజ్యములు తగ్గును. సామానులు వీధిని పడు కుటుంబములును తగ్గును.